బంతిలో లేనివాడు

ఆకులు వేస్తున్నారు. పందిట్లో ఎదురెదురుగా రెండు బారుల చాపలు పరిచి మగపెళ్లివారిని కూర్చోబెట్టారు. విస్తళ్ల మీద నీళ్లు చిలకరించుకుంటూ వాళ్లు అప్పుడే ఆడవాళ్ల వైపు ఓరచూపులు చూస్తున్నారు. వంటింటి గడప దగ్గర ఆడపెళ్లివారి ఆడవాళ్లు గుంపుగా చేరి, ఇంకా ఎవరూ గొంతెత్తకముందే, కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని కిసకిసలాడుతున్నారు. ఆ గుంపు మధ్యలో గోడకు ఆనుకుని కూర్చున్న వెంకటసుబ్బులమ్మ మాత్రం నవ్వడం లేదు. పాడవలసింది ఆమే. చుట్టుపక్కల పది ఊళ్లలో ఏ పెళ్లయినా మొదటి బంతికి పాట అందుకునేది ఆమే. బంతిపాట అంటే తెలియనిది ఎవరికి? వాళ్లు తింటుంటే వీళ్లు తిట్టడం. వియ్యపురాలిని, ఆడబిడ్డను, పెళ్లికొడుకును, వాడి మేనమామను పేరుపేరునా పిలిచి, ఉన్నవీ లేనివీ అంటగట్టి, రాగం తీసి మరీ తిట్టడం. తిట్లు పడ్డవాడికి కోపం రాకూడదు, వచ్చిందంటే వాడికి మర్యాద తెలియదని అర్థం. దొరలకు కూడా లేని హక్కు అది, ఆడదానికి ఆ ఒక్క పూట ఉంటుంది. నెయ్యి పడగానే పాట మొదలవ్వాలి. నెయ్యి గిన్నె ఇంకా వంటింట్లోనే ఉంది. ఉప్పు వడ్డిస్తున్నారు.

కొండయ్య పట్టుపంచె మోకాళ్ల మీదికి సర్దుకుని బారు మధ్యలో కూర్చున్నాడు, పెళ్లికొడుకు. రేపు తెల్లవారుజామున ముహూర్తం. ఇది వాడికి రెండో పెళ్లి. మొదటి పెళ్లాం యల్లమ్మ హనుమంతునిపాడు దగ్గర పుట్టింట్లో ఉంది, రెండేళ్లుగా, వదిలేసిన మనిషిగా. ఇప్పుడు వాడికి ఇస్తున్నది వెంకటసుబ్బులమ్మ తమ్ముడు పుల్లయ్య కూతుర్ని, ఓబులమ్మను, తన ఒళ్లో పెరిగిన పిల్లను. పుల్లయ్యను ఏమనగలం? వానకు మొహం వాచిన మెట్టచేలు వాడివి, కొండయ్యదేమో కంభం చెరువు కింద రెండు పంటలు పండే మాగాణి. ఆ సంబంధం గడప తొక్కిన రోజున వాడు ఎగిరి గంతులు వేసినంత పని చేశాడు. పిల్లవాడి తప్పేమీ లేదు, మొదటిదే నడత లేనిది, ఊరంతా పాడుకుంటోంది కదా, అన్నాడు. అని అక్క వైపు తిరిగి నవ్వాడు. "నీ పాటే కుదిర్చిందక్కా ఈ సంబంధం, నీకు చీర పెట్టాల." ఆ చీరే ఇప్పుడు ఆమె ఒంటి మీద ఉంది. కొత్త గంజి మెడ దగ్గర గీరుకుంటోంది.

"ఏంది వదినా, ఇంకా గొంతు సవరించుకోలే?" అవతలి బారు చివరి నుంచి మగపెళ్లివారి పెద్దావిడ. "గేటు పాట పాడల్ల ఈ పొద్దు. దాని కోసమే వచ్చినాము." ఆ మాటకు కుర్రాళ్లు ఈలలు వేశారు. కొండయ్య తల వంచుకుని మీసాల్లో నవ్వాడు. వాడికి సిగ్గు లేదా, లేక అది తన గెలుపు పాట అనుకుంటున్నాడా? గేటు పాట. ఎంత ముద్దుగా పేరు పెట్టుకున్నారు. మార్కాపురం నుంచి పలకలు తోలే బండ్లవాళ్లు స్టేషను దాకా అదే పాడతారు, గొడ్లు కాసే పిల్లలు అదే పాడతారు, కూలికి పోయే ఆడవాళ్లు నాట్లలో అదే పాడతారు. అది కట్టిన తన పేరు సగం మందికి తెలియదు. తెలియకపోతేనేం, మొదట్లో ఎక్కడ వినపడ్డా ఒళ్లు పులకరించేది. దొనకొండలో రైలు దిగుతుంటే ఎవరో పిల్లవాడు ఈల మీద ఆ వరస వేస్తూ పోయాడు, ఆ రోజంతా ఆమె కాళ్లు నేల మీద ఆనలేదు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. దాటినందుకు సంతోషించింది, పిచ్చిది. దాటి ఎవరింటికి పోతోందో చూడలేదు.

పప్పు వస్తోంది. పాట కట్టడం నేర్పింది ఆమె అత్తగారు. ముసలామెకు అక్షరం ముక్క రాదు, నోరు విప్పితే మాత్రం బంతి బంతంతా పొలమారేది. ఆమె ఒకటే చెప్పేది. "రంకు అంటగడితే లేనోనికి అంటగట్టల్ల. గాజుల సెట్టికి, గంగిరెద్దోనికి, చందమామకి. ఉన్నోన్ని పట్టుకొచ్చి పాటలో పెట్టగాకు." ఎందుకు అత్తా అంటే, చెప్పేది కాదు, దవడ మీద ఒకటి వేసేది. కొండయ్య తమ్ముడికి ఈ ఊరి పిల్లనిచ్చినప్పుడు ఇదే బజారులో బంతి. గాజుల సెట్టి పాట జనానికి అప్పటికే పాతబడింది. ఆమెకు కొత్తది కావాలి. ఆ ముందు వారమే కంభం పోతూ రైలు గేటు దగ్గర బండి ఆగితే గేటు కాసేవాణ్ణి చూసింది, ఒక చేతిలో ఎర్రజెండా, చంకలో పచ్చజెండా, వెనక గుడిసె మీదికి పాకించిన సొరతీగ, దాని నిండా కాయలు. "ఎండన పడి యాడికి తల్లీ, గూడ్సుబండి వచ్చేదాకా ఆ నీడన నిలబడండి" అన్నాడు మనిషి. అంతే, అదొక్కటే మాట వాళ్లిద్దరి మధ్య. అన్నవాడికి తెలియదు, విన్నామె అతని జెండాలనూ సొరతీగనూ మూటగట్టుకుని ఇంటికి పోతోందని. బంతి నాడు ఎదురుగా ఆ పెళ్లికొడుకు వదిన, అంటే కొండయ్య పెళ్లాం యల్లమ్మ, నిండైన మనిషి, అమాయకంగా నవ్వుతూ నిలబడి ఉంది. పాట దానంతట అది వచ్చింది.

ఎర్రజెండా చూపితే రైలుబండి ఆగునే, పచ్చజెండా చూపితే యల్లమ్మ సాగునే, గేటు కాడి సొరకాయ ఎవరింట ఉడికెనే, కొండయ్య కంచాన కూరై కూచునే.

ఎంత నవ్వారు! తినేవాళ్లు ముద్దలు వదిలేసి తొడలు చరుచుకున్నారు. యల్లమ్మ కూడా నవ్వింది, "ఉండు పెద్దమ్మా, మా ఊరి బంతికి రాకపోతావా, నీ సంగతి చెప్తా" అంది. అదే న్యాయం. ఈ పూట మేము అంటాం, ఇంకో పూట మీరు అనండి, చెల్లుకు చెల్లు. అందరి కంటే గట్టిగా నవ్వింది ఎవరు? కొండయ్య. ఇప్పుడు పప్పులో వేలు ముంచి నాకి చూస్తున్న ఈ కొండయ్యే. అక్కడితో అయిపోవలసింది. బంతిలో మాట బంతిలోనే, విస్తళ్లతో పాటు ఎత్తి పారేసేది. కానీ నెల తిరక్కుండానే వాడు చెరువు కట్ట మీద పోతుంటే ఎవడో బండివాడు వెనక నుంచి ఆ పాట ఎత్తుకున్నాడు. వాడు ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంటే కంచంలో సొరకాయ కూర. ఈ సొరకాయ యాడిది అని అడిగాడట. దాచుకోవలసింది ఏమీ లేని మనిషి కనక యల్లమ్మ ఉన్నమాట చెప్పింది. గేటు కాడ మగ్దలీనమ్మ అమ్ముతాంటే కొన్నా, అని. మగ్దలీనమ్మ గేటువాడి పెళ్లాం. అయ్యో, ఆ ఒక్క రోజు బీరకాయ వండి ఉండకూడదా ఆ పిల్ల! సొరకాయ అన్న మాట తనకైనా ఎందుకు తోచాలి? వరస కుదిరిందని పెట్టింది. కాకరకాయ అన్నా కుదిరేది. ఈ మాట ఆమె ఎన్నిసార్లు అనుకుందో, కాకరకాయ అన్నా కుదిరేది.

అన్నం వడ్డిస్తున్నారు, ఆవిర్లు లేస్తున్నాయి. ఆ సాయంత్రమే కొండయ్య నలుగురు మనుషులను వెంటబెట్టుకుని ముల్లుకర్రలతో గేటు దగ్గరికి పోయాడు. గేటువాడి పేరు జీవానందం అని ఆమెకు అప్పుడు తెలిసింది, దెబ్బలు తిన్న తర్వాత. పాటలో పెట్టినప్పుడు వాడికి పేరు కూడా లేదు, జెండాలే ఉన్నాయి. కుడిచెయ్యి మోచేతి దగ్గర విరిగింది, సరిగ్గా అతుక్కోక వంకర తిరిగిపోయింది. పోలీసులు వచ్చారు కానీ, పెద్దలు కూర్చున్నారు, ఊరవతల గేటువాడి కులంవాళ్లుండే పాలేనికి పొలం పనులు కావాలా వద్దా అన్న మాట ఒకటి మెల్లగా వదిలారు, చివరికి పడ్డవాడే చీకట్లో కాలుజారి పడ్డానని చెప్పుకున్నాడు. జెండా ఎత్తలేని చేతితో గేటు పని ఏం చేస్తాడు, పని పోయింది, గుడిసె పోయింది, సొరతీగ కూడా పోయే ఉంటుంది. నోరా వీపుకు తేకే అంటారు పెద్దలు. ఆ సామెత కట్టినవాళ్లు తన వంటిదాన్ని చూసి ఉండరు. తన నోరు తన వీపుకు ఏమీ తేలేదు. తన వీపు మీద కొత్తచీర ఉంది.

నేనేం చేశాను అని మొదట్లో అనుకుంది, గట్టిగానే అనుకుంది. కర్ర పట్టింది వాడు. నేను పట్టమన్నానా? దానికి ఇంట్లోనే ఒక సాక్ష్యం ఉంది. ఓబులమ్మ అన్న గురుస్వామి, ఉప్పు గొడవల ఏట మార్కాపురం సంతలో నిలబడి సారాయి దుకాణం మీద మాట్లాడాడు, ఆ రాత్రి ఎవరో దుకాణానికి నిప్పు పెట్టారు, సర్కారు వీణ్ణి పట్టుకుపోయింది. కోర్టులో వాడు తల ఎత్తుకుని చెప్పాడు. "మాట నాది, నిప్పు నాది గాదు." ఆరు నెలలు వేశారు. నోరున్నందుకు జైలా అని ఈమె వీధిలో నిలబడి సర్కారును తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. ఇప్పటికీ అదే అంటుంది. నోరు కట్టుకోమని ఎవరు చెప్పినా వినదు, ఆడదానికి ఉన్నదే అది. కాబట్టి మాట నాది, కర్ర నాది కాదు అని కొన్నాళ్లు ఆ మాట కప్పుకుని పడుకుంది. నిద్ర పట్టలేదు. ఒకరోజు గురుస్వామినే అడిగింది. "నీకూ నాకూ తేడా ఏందిరా?" "నేను సర్కారును అన్నానత్తా. అది పెద్దది, నన్ను పట్టుకొని లోపలేసింది. నువ్వు అన్నోడు నిన్ను ఏం జేస్తాడు?" అని లేచి పోయాడు. ఆ మాట తగిలినంత ఇంకేదీ తగల్లేదు. యల్లమ్మ బంతి అవతల నిలబడింది, తిరిగి అంటానంది, అనగలిగేది. జీవానందం ఏ బంతిలో ఉన్నాడు? అతన్ని ఈ పందిట్లోకి రానిస్తారా, విస్తరి వేస్తారా? పాటకు పాట కట్టి అతని పెళ్లాం ఈ గడప ముందు నిలబడి పాడగలదా, వెంకటసుబ్బులమ్మకు పచ్చజెండా ఊపిందెవరని? పాడితే ఆ మర్నాడు పాలెం ఉంటుందా? తిరిగి అనలేనివాణ్ణి అనడం పాట కాదు. అత్తగారు చెప్పకుండా దవడ మీద వేసింది ఈ సంగతే కావచ్చు, ఆమెకు మాత్రం తెలిసి చచ్చిందా ఏమో.

పోయిన ఎండల్లో మార్కాపురం పలకల గనుల దారిలో మగ్దలీనమ్మ ఎదురైంది. తలమీద రాతి తట్ట. ఈమెను చూసి ఆగింది, తట్ట దించలేదు. వెంకటసుబ్బులమ్మ చేతులు జోడించబోయి అది చేతకాక నిలబడింది. మగ్దలీనమ్మే మాట్లాడింది, తిట్టలేదు, శపించలేదు. "పాట బాగుందమ్మా. మా పిల్లకాయలు గూడ పాడతారు. అది వాళ్ళ నాయన మీద కట్టినదని వాళ్ళకు తెలవదు గదా." అంతే, వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి వెంకటసుబ్బులమ్మ ఒక్క పాట కట్టలేదు. అడిగినవాళ్లకు గొంతు బాగాలేదని చెప్పింది. ఏం లాభం? తను పాడకపోతే పాట ఆగుతుందా? కట్టేవరకే అది తనది.

పచ్చళ్లు, భక్ష్యాలు. ఇంకెంతసేపు? తమ్ముడికి చెప్పింది, చెప్పకపోలేదు. సంబంధం ఖాయం కాకముందే పెరట్లోకి పిలిచి చెప్పింది. "అదంతా నేను కల్పించిందిరా పుల్లయ్యా. వాడు కోపానికి కన్నూ మిన్నూ గానడు, పిల్లను ఇయ్యొద్దు." పుల్లయ్య ఆమె మొహంలోకి చూసి జాలిగా నవ్వాడు. "నిప్పు లేందే పొగ వస్తాదా అక్కా? నువ్వు ఉత్తిపుణ్యానికి పాడే మనిషివి గాదులే." కట్టినదే అబద్ధం అని చెబుతుంటే వినేవాడు నమ్మడు, అంత బాగా కట్టింది మరి! ఇక పిల్ల. మొన్న నలుగు పెట్టేటప్పుడు ఓబులమ్మ మెల్లగా అడిగింది. "అత్తా, ఆయనకు కోపం ఎక్కువంటనే?" గేటు పాట కట్టిన నోరు, పది ఊళ్లను నవ్వించిన నోరు, అప్పుడేమంది? "మగోళ్లు అంతేలేమ్మా" అంది. పిల్ల తల ఆడించి చెయ్యి చాపింది, పసుపు రాయమని. అప్పుడు చెప్పి ఉండవలసింది. చెబితే పెళ్లి ఆగిపోతుందేమో, ఆగితే పిల్లకు ఇంకో సంబంధం వస్తుందా, పీటల దాకా వచ్చి పోయిన పిల్లను ఎవడు చేసుకుంటాడు, తమ్ముడు చేసిన ఖర్చు, ఊళ్లో తలవంపులు, తన మాట మళ్లీ ఒకసారి దాటిపోయి ఇంకెవరి చెయ్యి విరగ్గొడుతుందో. మాట్లాడితే ఒక కీడు. మాట్లాడకపోతే ఒకనాడు ఆ పిల్ల కంచంలో ఏ కూరో చూసి వాడు కర్ర అందుకుంటాడు. ఏది ముందు, ఏది వెనక? రెండేళ్ల కిందట ఆలోచించకుండా అంది, ఇప్పుడు ఆలోచించి ఆలోచించి నోరు పడిపోయింది.

నెయ్యి. తమ్ముడి పెళ్లాం గిన్నె పట్టుకుని వంగి వంగి పోస్తోంది, ఒక విస్తరి, ఇంకొక విస్తరి. కొండయ్య విస్తట్లో పడింది. పక్కనున్న ఆడవాళ్లు మోచేతులతో పొడుస్తున్నారు. కోపం రాకూడని చోటు ఈ భూమ్మీద ఇదొక్కటే అని ఆమెకు తోచింది. ఇక్కడ ఏమన్నా చెల్లుతుంది. ఇక్కడే నిజం పాడితే ఎవడు కాదంటాడు? ఆమె గొంతు సవరించుకుంది. పందిరి చప్పున నిశ్శబ్దమైంది. అదే రాగం, అదే వరస, అందరికీ నోటికి వచ్చిన గేటు పాట దరువు.

యల్లమ్మ ఎక్కడికీ కదలలేదే, కదిలింది నా నాలుకే. సొరకాయ ఎవ్వరూ ఇయ్యలేదే, వండింది నా నోరే. పాట విని కర్ర పట్టె పెళ్లికొడుకు మగతనం. చెయ్యి విరిగినోడొకడు, మీసం తిప్పేటోడొకడు.

నవ్వు పందిరి కప్పు ఎగిరిపోయేట్టు వచ్చింది. "అబ్బబ్బ, ఏం తిట్టిందిరా!" "పెళ్లికొడుకుని గూడ వదల్లే సూడు!" మగపెళ్లివారి పెద్దావిడకు నెయ్యి అన్నం పొలమారి కళ్ల నీళ్లు వచ్చాయి. గుంపులోని ఆడవాళ్లు చివరి చరణం అందుకుని తిప్పి తిప్పి పాడారు. అందరి కంటే గట్టిగా నవ్వింది కొండయ్య. పాటకు తగ్గట్టు ఎడమచేత్తో మీసం తిప్పి చూపించాడు, కుర్రాళ్లు మళ్లీ ఈలలు వేశారు. అబద్ధం పాడితే నిజమని నమ్మి కర్ర పట్టారు, నిజం పాడితే తిట్టు బాగుందని నవ్వుతున్నారు. రేపు బండ్లవాళ్లు ఇదీ పాడతారు. గేటు పాటకు ఇంకో చరణం కలిసింది, అంతే.

ఆమె లేచి నిలబడింది. బంతిపాట కూర్చుని పాడేది, లేచిన మనిషిని చూసి నవ్వు కొంచెం తగ్గింది. "పాట అయిపోయింది" అంది. "ఇప్పుడు పాడటం లేదు, చెప్తాండా." రాగం లేని ఆమె గొంతు ఆ ఊళ్లో చాలామంది ఎప్పుడూ వినలేదు. "యల్లమ్మ మీద నేను కట్టింది అబద్ధం. ఆ జీవానందాన్ని నేను ఒకే ఒకసారి చూసినా. నవ్విద్దామని ఇద్దర్నీ ఒకచోట గట్టినా. ఈ కొండయ్య నాతో ఒక్క మాట అడక్కుండా, పెండ్లాన్ని అడక్కుండా, మనిషి చెయ్యి ఇరగ్గొట్టినాడు. కట్టిన తప్పు నాది, ఇరగ్గొట్టిన తప్పు వానిది. పిల్లను ఇచ్చేటోళ్లు అది తెలిసి ఇయ్యండి."

"అక్కా!" పుల్లయ్య నీళ్ల చెంబు వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. "నోరు ముయ్యి. నీకేమన్నా పట్టిందా? ముయ్యి!" కొండయ్య లేవలేదు. ముద్ద విస్తట్లోనే వదిలి, ఆ చేతిని మెల్లగా మోకాలి మీద పెట్టుకున్నాడు, నవ్వు మొహం మీద అట్లాగే ఉంది. "పాటే గదా పెద్దమ్మా?" అన్నాడు, చాలా మెత్తగా. "పాటే గదా నువ్వు చెప్పింది? పాటయితే నేనేమనుకోను." వాడు దారి చూపిస్తున్నాడు. అవును నాయనా పాటే అంటే చాలు, మళ్లీ నవ్వుతారు, అందరూ భోంచేస్తారు, ముహూర్తం జరుగుతుంది, ఆమె వీపు మీద చీర నలగదు. వాడి పక్కన, ఆనాడు కర్రలతో గేటు దగ్గరికి పోయిన ఆ నలుగురూ చేతులు కడుక్కోకుండానే ఆమెను చూస్తున్నారు. ఆమెకు భయం వేసింది, నిజంగా భయం వేసింది, జీవానందానికి ఆ సాయంత్రం ఇట్లాగే వేసి ఉంటుంది.

"కాదు" అంది.

వంటింటి గడప దగ్గర ఆడవాళ్లు ఒక్కొక్కరుగా పక్కకు జరిగారు, ఆమె తమను నెట్టుకుని పారిపోతుందనుకుని కాదు, వెనక నుంచి ఎవరో వస్తున్నారని. పసుపు బట్టల్లో, తలంటుకున్న జుట్టు ఇంకా ఆరకుండా, ముహూర్తం దాకా మగపెళ్లివారి కంట పడకూడని ఓబులమ్మ గడప దాటి పందిట్లోకి వచ్చి నిలబడింది. తండ్రి వైపు చూడలేదు, పెళ్లికొడుకు వైపు చూడలేదు.

"నేను లోపల ఉన్నానత్తా, పాట చప్పుట్లో సరిగ్గా వినపళ్లే" అంది. "మళ్లా చెప్పు."

వెంకటసుబ్బులమ్మ మళ్లీ మొదటి నుంచి చెప్పింది.